తన మీద తానే రాసుకున్న అర్జీ

విజయనగరం,
5-8-1968.

మావా,

ప్రభువు నామమున అని మొదలుపెట్టలేదని ఉత్తరం పక్కన పడెయ్యకు. ఇందులో ఉన్నది నీ సంగతే. కడదాకా చదువు.

నిన్న స్టేషను దగ్గర నరసింగరావు కనిపించాడు. అదే, మన పాతపట్నం సంతలో చింతపండు కొనే షావుకారు. నన్ను చూస్తూనే, "ఏటోయ్ ఏసురాజూ, మీ మావకి సెయ్యి ఆగిపోనాదంట గదా, నీకు తెల్దేటి?" అన్నాడు. నాకు తెలీదు. ఎలా తెలుస్తుంది? పోయిన నెల నువ్వు రాసిన కార్డులో వానలు పడ్డాయనీ, చర్చి కప్పు కారుతోందనీ, అత్త మోకాలు వాచిందనీ ఉంది. నీ చెయ్యి సంగతి లేదు. రెండు నెలలై కచేరీ వరండాలో రాతపెట్టె ముందేసుకుని ఊరికే కూర్చుంటున్నావట. అర్జీ రాయించుకోవడానికి కొండలు దిగి వచ్చిన సవరవాళ్ళని కూడా తిప్పి పంపేస్తున్నావట. నిద్ర లేదట. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నావట.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. "మీ అత్త సిల్లంగి తీయించడానికి కూడా తీసుకెళ్ళినాది పాపం" అనేసరికి ఒళ్ళు మండిపోయింది. మనుషులు చంద్రుడి మీదకి పోవడానికి సిద్ధమవుతున్న రోజుల్లో, ఇరవయ్యేళ్ళు సంఘంలో బైబిలు చదివిన కృపానిధి, చేతబడి వదలాలని వేపమండలతో వీపు కొట్టించుకున్నాడా? ఆ షావుకారు ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

నీకు నేను మందు చెప్తాను, విను. మా ప్రెస్సులో పోయిన నెల పదహారు పేజీల చిన్న పుస్తకం అచ్చయింది. మనసు జబ్బుల మీద ఒక డాక్టరు రాసింది. కంపోజ్ చేసింది నేనే, కాబట్టి ప్రతి అక్షరం నా వేళ్ళకి తెలుసు. అందులో ఉన్న పద్ధతి ఇది. రోజుకి పావుగంట, నాలుగు రోజులు వరసగా, ఒంటరిగా కూర్చోవాలి. లోపల ఏది తొలుస్తోందో అది రాయాలి. ఏం జరిగిందో, అప్పుడు నీకేమనిపించిందో, రెండూ రాయాలి. కలం ఎత్తకూడదు. తప్పులు దిద్దకూడదు. ఎవరికీ చూపించకూడదు. నాలుగో రోజు తర్వాత చించుకో, పొయ్యిలో పెట్టుకో, నీ ఇష్టం. అంతే. మంత్రం లేదు, మండలు లేవు.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చెయ్యి. నా చేత అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యి. అది ఆగిపోతే నేను ఊరుకోను.

కోపంగానే ఉన్న నీ మేనల్లుడు
ఏసురాజు

*

పాతపట్నం,
12-8-1968.

ప్రభువు నామమున, చిరంజీవి ఏసురాజుకి మావ కృపానిధి దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. పైన ప్రభువు లేకపోయినా లోపల కోపం దండిగా ఉంది కాబట్టి నీదేనని నమ్మాను.

మీ అత్తని ఏమీ అనకు. పాస్టరుగారి చేత మూడుసార్లు ప్రార్థన చేయించింది, ఆస్పత్రి మందు తాగించింది. ఏదీ పని చెయ్యకపోతే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? చిల్లంగి తీసే ఆ గురువు నా వీపు చూసి, "ఈ బాబుకి ఏటీ నేదమ్మా, ఈ బాబే ఎవులికో ఏదో సేసినాడు" అని పంపేశాడు. మీ అత్త దారంతా వాణ్ణి తిట్టుకుంటూ వచ్చింది. నేను తిట్టలేదు.

చెయ్యి పడిపోలేదురా. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, దస్తూరీ చూసుకో. కట్టెలు కొడుతుంది, నీళ్ళు తోడుతుంది. అర్జీ కాగితం ముందేసుకుంటేనే వస్తోంది తంటా. "తహసీల్దారు గారి దివ్యసముఖమునకు" దాకా బాగానే పోతుంది. "విన్నవించుకొనునది ఏమనగా" దగ్గరకి వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవడో వెనకనుంచి మణికట్టు పట్టుకున్నట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషి, "రాయి బాబూ" అంటాడు. నేను రాయలేను.

నీ మందు సంగతి ఆలోచించాను. దానితో నాకో చిక్కుంది. పాతికేళ్ళుగా నేను రాసిన ప్రతి కాగితానికీ ఒక సముఖం ఉంది. ఎవరికి? ఏం కోరి? ఈ రెండూ లేకుండా నేను ఒక్క ముక్కా రాయలేదు. నువ్వేమో ఎవరికీ కాదు, ఏమీ కోరవద్దు అంటున్నావు. అది గోడకి చెప్పుకున్నట్టు ఉండదా? పైగా రాసి కాల్చెయ్యమంటున్నావు. నా వృత్తిలో కాగితం పాడుచేసినవాణ్ణి చేతకానివాడంటారు.

లోపల ఏమీ లేదు. వయసు మీద పడుతోంది, అంతే. నువ్వు వేళకి తిను. ఫోర్‌మన్‌తో పేచీ పెట్టుకోకు.

నీ మావ
కృపానిధి

*

విజయనగరం,
17-8-1968.

మావా,

నలభయ్యారేళ్ళకి వయసు మీద పడుతుందా? అబద్ధం చెప్పినా అతికేలా చెప్పు.

ఆ గురువు మాట నాకు గుచ్చుకుంది. వాడి వృత్తి మోసమే గాని, నిన్ను చూసి ఒక మాట అన్నాడు. నువ్వు తిట్టలేదని నువ్వే రాశావు. ఎందుకు తిట్టలేదు? ఆ కారణం ఏదో కాగితం మీద పెట్టు. నాకు చెప్పొద్దు. పాస్టరుగారికి చెప్పొద్దు. సముఖం కావాలంటావా, నీ సముఖానికే రాసుకో. ఊళ్ళో వాళ్ళ కష్టాలన్నీ రాసిపెట్టిన మనిషికి తన కష్టం రాసుకోవడం చేతకాదంటే దాన్ని దోపిడీ అనాలి. నీ చేతిని అందరూ వాడుకున్నారు, నువ్వు తప్ప.

నాలుగు రోజులు. పావుగంట. కచేరీ గోడ గడియారం చూసి రాస్తావో, చర్చి గంట విని రాస్తావో.

ఫోర్‌మన్‌తో పేచీ నేను పెట్టుకోలేదు. అతనే పెట్టుకున్నాడు.

ఏసురాజు

*

పాతపట్నం,
29-8-1968.

ప్రభువు నామమున, చిరంజీవి ఏసుకి,

నువ్వు చెప్పినట్టు నాలుగు రోజులు కూర్చున్నాను. పెరటి చావిట్లో, మేకల పక్కన. మీ అత్త అటు రాకుండా, లెక్కలు రాసుకుంటున్నానని చెప్పాను. ఆవిడ సంతోషం చూడాలి. మేకల్ని కూడా అరవనివ్వలేదు.

వచ్చింది ఏమిటంటే అర్జీ వచ్చింది. ఏం చెయ్యను, చేతికి అదే వచ్చు. కాగితం ఎడమపక్క నాలుగువేళ్ళు మడత పెట్టింది. పైన "దివ్యసముఖమునకు" అని రాసి, ఎవరి పేరు పెట్టాలో తెలియక ఖాళీ వదిలింది. ఎవరికీ చూపించవద్దన్నావు గాని, ఇది నీ మందేనో కాదో నువ్వే చెప్పాలి. మొదటి రోజుది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అయ్యా, పాతపట్నం కాపురస్థుడు, క్రైస్తవుడు, అర్జీల రాతగాడు కృపానిధి విన్నవించుకొనునది ఏమనగా. తమ దాసుడు మిక్కిలి క్రూరుడై, ఒక ముసలి ప్రాణమును తన చేతులారా తీసినవాడై, ఆ నెత్తురు చేతులకు అంటియుండగా దేవుని మందిరమునకు పోవుచున్నవాడు. ఇతనికి తగిన శిక్ష దయచేయించవలెనని ప్రార్థన."

మిగతా మూడు రోజులూ ఇదే, ఇంకొంచెం గట్టిగా.

నీ మందు పని చెయ్యలేదు. అంతకు ముందు తెల్లారుజామున కాస్త కునుకు పట్టేది, ఇప్పుడు అదీ లేదు. రెండో రోజు రాసి లేచేసరికి వాంతి అయింది. ఆ పుస్తకం రాసిన డాక్టరుకి నా దండాలు చెప్పు. ఇక ఈ పని చెయ్యను.

నీ మావ
కృపానిధి

*

విజయనగరం,
3-9-1968.

మావా,

ఎవరు ఆ ముసలి మనిషి? ఏం చేశావు నువ్వు? నీ ఉత్తరం చదివి కంపోజింగ్ స్టిక్కులో పేర్చిన సీసపు అక్షరాలన్నీ కిందపడేశాను. పెళ్ళిపత్రిక అది. ఫోర్‌మన్ అరిచాడు, నేనూ అరిచాను. ఇప్పుడు దాని ఊసు వద్దు.

కోడిని కొయ్యడానికి అత్త చేతికిచ్చే మనిషివి నువ్వు. నువ్వు ప్రాణం తీశావంటే నేను నమ్మను. కాని నెత్తురు అని రాశావు. సెలవిచ్చినా ఇవ్వకపోయినా పద్నాలుగో తారీకు శనివారం బండెక్కుతున్నాను. నౌపడలో చిన్న రైలు దొరక్కపోతే నడిచి వస్తాను. ఈలోగా ఎవరికీ ఏమీ చెప్పకు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. తప్పు నాది. ఆ పదహారు పేజీల్లో నేను కంపోజ్ చేసింది మొదటి ఎనిమిదే. మిగతా ఎనిమిదీ జగన్నాధం చేశాడు. ఆ భాగం నేను చదవనే లేదు. అంతా నాకు తెలుసన్నట్టు నీకు రాశాను. నీ ఉత్తరం వచ్చాక గోడౌనులో వెతికి పట్టుకుని చదివాను. పదో పేజీలో స్పష్టంగా ఉంది: "రాసిన మొదటి రోజుల్లో మనసు మునుపటికన్నా బరువెక్కును. ఇది సహజము. కొన్నాళ్ళకు తేలికపడును. తట్టుకొనలేనంతగా ఉన్నచో ఆపివేసి, నమ్మకమైన మనిషితో చెప్పుకొనవలెను." ఇంకా పన్నెండో పేజీలో: "పెద్ద పెద్ద మాటలతో రాసినది మేలు చేయదు. జరిగినది జరిగినట్టు రాసినదే చేయును."

జగన్నాధం నవ్వాడు. "సగం పుస్తకం సదివి వైద్యం సేసినావేట్రా" అన్నాడు.  

ఆ నమ్మకమైన మనిషి నేనే అనుకో. చెప్పు.

ఏసురాజు

*

పాతపట్నం,
6-9-1968.

ఒరే ఏసూ,

బండెక్కకు. నువ్వొచ్చి ఇక్కడ ఎవడి చొక్కా పట్టుకుంటావో అని భయంగా ఉంది. నేను కత్తి పట్టలేదు, కత్తి రాశాను. చెప్తాను.

మే నెలలో సోములు అనే రైతు నా దగ్గరికి వచ్చాడు. ఇక్కడికి మూడు మైళ్ళ ఊరు. మోచెయ్యి గీసుకుపోయి ఉంది. వాడికీ వాళ్ళన్న జోగయ్యకీ వాటాల గట్టు మీద ఒక పనసచెట్టు ఉంది. జోగయ్య కాయలు కోస్తుంటే తమ్ముడు అడ్డుపోయాడు. అన్న తోశాడు. వీడు గట్టు మీంచి పడ్డాడు. "గట్టిగా రాయి బాబూ, ఆడికి బుద్ధి రావాల" అన్నాడు.

గట్టిగా రాయడమంటే ఏమిటో నీకు తెలుసు, నా పక్కన కూర్చునే పెరిగావు. తోస్తే కొట్టాడని రాస్తాం. కొడితే చంపబోయాడని రాస్తాం. లేకపోతే కచేరీలో ఎవరూ కాగితం తిప్పి చూడరు. అందరు రాతగాళ్ళూ అంతే. "చేత కత్తి ధరించి, నిన్ను నరికెదనని పైబడగా" అని రాశాను. కత్తి ఉందా అని సోముల్ని నేను అడగనే లేదు. నా చేతికి అలవాటుగా వచ్చిన మాట అది. చదివి వినిపిస్తే వాడికి సగం అర్థం కాలేదు. వేలిముద్ర వేశాడు.

పోలీసులు జోగయ్య ఇంటికి వెళ్తే నిజంగానే కత్తి దొరికింది. పనసజిగురు అంటిన కత్తి. కాయ కోసిన కత్తి. ఇంకేం కావాలి? పద్దెనిమిది రోజులు సబ్‌జైల్లో ఉన్నాడు. పన్నెండో రోజున వాళ్ళ తల్లి తాతమ్మ పోయింది. ముందునుంచీ జబ్బుమనిషే. ఆఖరి మూడు రోజులూ "జోగి వచ్చినాడా" అని అడుగుతూనే ఉందట. పెద్దకొడుకు లేకుండానే పాడె లేచింది.

విడుదలై వచ్చాక జోగయ్య నేరుగా కచేరీ వరండాకి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా పెట్టె ముందు గొంతుక్కూర్చుని, "నా సేత కత్తి ఉన్నాదని నువ్వు సూసినావా బాబూ?" అని అడిగాడు. ఒక్కసారే అడిగాడు. నేను పెట్టెలో కలాలు సర్దుకుంటూ కూర్చున్నాను. అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటినుంచి నా చెయ్యి ఆగింది.

మీ అత్తకి కూడా ఇదంతా చెప్పలేదు. నీకు చెప్పాను. ఇది రాసేటప్పుడు వాంతి రాలేదు.

మావ

*

విజయనగరం,
20-9-1968.

మావా,

నువ్వు వద్దన్నావని బండెక్కలేదు, ఉత్తరం కూడా రెండు వారాలు ఆలస్యం చేశాను. కోపం దిగాక రాద్దామనుకున్నాను, అది దిగలేదు.

తప్పు నీ ఒక్కడిదా? పనసజిగురుకీ నెత్తురుకీ తేడా తెలియని పోలీసుది కాదా? తోసినట్టు రాస్తే తిప్పి చూడని కచేరీది కాదా? చిన్న దెబ్బని పెద్ద కత్తి చేస్తేగాని పేదవాడి మాట చెవిన పడని ఈ వ్యవస్థది కాదా? దీన్ని కరపత్రం వేయాలి మావా. పేర్లు మార్చి నేనే రాస్తాను, నేనే కంపోజ్ చేస్తాను. వ్యవస్థ చేసిన నేరాన్ని నువ్వు ఒక్కడివి నెత్తినెత్తుకుని అన్నం మానేస్తే దానివల్ల జోగయ్యకి ఒరిగేది ఏమీ లేదు.

ఇది నా కోపం మాట. ఇంకో మాట కూడా ఉంది. నీ ఉత్తరాన్నీ, నువ్వు మేకల దగ్గర రాసిన అర్జీనీ పక్కపక్కన పెట్టి చూశాను. అర్జీలో నువ్వు జోగయ్య మీద రాసినట్టే నీ మీద కూడా రాసుకున్నావు. అక్కడ లేని కత్తి, ఇక్కడ లేని నెత్తురు. ఉత్తరంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశావు. వాంతి రాలేదన్నావు. మరి ఆ ఉత్తరం రాసినట్టే, నీ కోసం మళ్ళీ ఒకసారి కూర్చుని రాయి. సముఖం వద్దు, దాసుడు వద్దు, శిక్ష వద్దు. నాకు చెప్పనిది ఇంకేమైనా మిగిలి ఉంటే అది కూడా.

ఏసురాజు

*

విజయనగరం,
9-10-1968.

మావా! నా మావా!

నరసింగరావు ఈ పూట ప్రెస్సుకే వచ్చి చెప్పాడు. "మీ మావకి మతి పోనాదేటి? దొంగ అర్జీ రాసినానని తన మీద తానే కచేరీలో కాయితం పెట్టుకున్నాడు. ఊరంతా అదే మాట" అన్నాడు. అక్కడే అతన్ని కావలించుకున్నాను. చింతపండు షావుకారు హడలిపోయాడు.

నిన్ను తక్కువ అంచనా వేశాను, క్షమించు. దాచుకోవడానికి రాయమని నేను చెప్తే, నువ్వు దాన్ని ఎదురుగా తీసుకెళ్ళి కచేరీ బల్ల మీద కొట్టావు. నేను పుస్తకాల్లో చదివే ధైర్యం ఇది. రీడింగ్ రూములో పదిమందికి చెప్పాను. ఇద్దరు నీతో చేయి కలపాలంటున్నారు. మనసు ఎలా ఉంది? నిద్ర పట్టిందా? వెంటనే రాయి.

గర్వంతో నీ
ఏసురాజు

*

పాతపట్నం,
14-10-1968.

ఏసూ,

ఆ పదిమందికీ వెళ్ళి కాదని చెప్పు. నేనేమీ బల్ల మీద కొట్టలేదు. పెట్టింది మీ అత్త.

నువ్వు చెప్పినట్టు గాంధీ జయంతి నాడు, కచేరీ సెలవు కదా అని, ఉన్నది ఉన్నట్టు రాశాను. దివ్యసముఖం రాయలేదు, దాసుణ్ణి రాయలేదు. కాని ఎడమపక్క మడత పెట్టాను. అది నేను పెట్టింది కాదు, చెయ్యి పెట్టింది. రాశాక కింద సంతకం కూడా చేసింది. రెండు రోజులాగి పొయ్యిలో పెడదామని రాతపెట్టె మీద రాయి కింద ఉంచాను. మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి లేదు, మేకలు తినేశాయనుకున్నాను.

మీ అత్తకి చదువు రాదు గాని అర్జీని చూస్తే పోల్చుకుంటుంది. ఎడమపక్క మడత, నిండుగా రాత, కింద సంతకం. పాతికేళ్ళుగా రాయి కింద ఉన్న కాగితాలకి స్టాంపులు అంటించి, నా చద్దిమూట తెచ్చేటప్పుడు కచేరీలో ఇచ్చేది ఆవిడే. నాలుగు నెలల తర్వాత రాయి కింద కాగితం కనపడింది. ఆవిడ ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని, స్టాంపు అంటించి, మోకాలి నొప్పితోనే కచేరీ దాకా నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. నాకు చెప్తే దిష్టి తగులుతుందని చెప్పలేదు.

పైన ఎవరి పేరూ లేకపోయినా స్టాంపు ఉంది, సంతకం ఉంది. కచేరీకి అవి చాలు. ఇరవై రెండో తారీకున విచారణకి రమ్మని నోటీసు వచ్చింది. అది చదివి వినిపిస్తే మీ అత్త చాపమీద కూలబడి, "ఎంత పని సేసినాను నానూ, నిన్ను జైల్లో ఎట్టించినాను గదా" అని ఏడుస్తోంది. ఆవిడకి మొత్తం సంగతి చెప్పాల్సొచ్చింది. విన్నాక ఏడుపు మానేసింది. అప్పటినుంచి నాతో పెద్దగా మాట్లాడటం లేదు.

నీకు చెప్పనిది కూడా ఆ కాగితంలో రాశాను. తల్లికి ఎక్కువైనప్పుడు సోములు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "కేసు ఒద్దని రాసీ బాబూ, మా అన్నని ఒగ్గీమని రాసీ" అని కాళ్ళు పట్టుకున్నాడు. రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ రేపు రమ్మన్నాను. కత్తి లేదని రాస్తే, ముందు రాసింది దొంగ రాతని తేలుతుంది. నా వరండా పోతుందని భయపడ్డాను. ఆ మర్నాడు ముసలావిడ పోయింది.

ఇప్పుడు చెప్పు, పుస్తకంలో చదివే ధైర్యం ఇదేనా?

మావ

*

విజయనగరం,
18-10-1968.

మావా,

విచారణలో అడిగితే, ఆ దస్తూరీ నాది కాదని చెప్పు. ఎవరో గిట్టనివాళ్ళు రాసి పెట్టారని చెప్పు. లేదా జ్వరంలో రాశానని చెప్పు. చిల్లంగి అని చెప్పినా సరే, ఈ ఒక్కసారికి నేను ఏమీ అనను.

సిగ్గుగానే ఉంది ఇలా రాయడానికి. పదిరోజుల కిందట పొగిడిందీ నేనే. కాని నువ్వు జైలుకి పోతే అది నా వల్ల. నేను సగం చదివిన పుస్తకం వల్ల. ఈ పద్ధతి నీకు చెప్పాను గాని నేనెప్పుడూ చేసి చూడలేదు. నిన్న పావుగంట కూర్చున్నాను. నాలుగు వాక్యాలయ్యేసరికి ఫోర్‌మన్‌ని తిట్టడం మొదలైంది, పావుగంటా అదే. చేసి చూడనివాడు చెప్పిన మందు నువ్వు తిన్నావు.

తోసినందుకు కత్తి రాసే లోకం ఇది. నువ్వు నిజం చెప్పినందుకు నీ మీద ఏం రాస్తారో! వద్దు మావా. కాదని చెప్పు.

ఏసు

*

పాతపట్నం,
3-11-1968.

ప్రభువు నామమున, చిరంజీవి ఏసురాజుకి మావ దీవెనలు.

నేను ఇంట్లోనే ఉన్నాను, జైల్లో లేను. ముందు అది చదివి స్థిమితపడు.

నీ ఉత్తరం విచారణకి ముందురోజే అందింది. చెప్పొద్దూ, నువ్వు రాసినట్టే చెబుదామనుకున్నాను. మీ అత్తతో అన్నాను కూడా. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "సెప్పు. మల్లీ సెయ్యి ఆగితే ఈసారి నన్నడక్కు" అంది.

తహసీల్దారు కాగితం చూపించి, "నీ దస్తూరీయేనా?" అన్నారు. "నాదే" అన్నాను. "పెట్టింది నువ్వేనా?" అన్నారు. "పెట్టింది మా ఆవిడ, రాసింది నేను" అన్నాను. గుమాస్తా నవ్వాడు, తహసీల్దారు నవ్వలేదు. ఇక ఆ వరండాలో కూర్చోవద్దన్నారు. కాగితాన్ని జోగయ్య కేసుతో జతచేసి పైకి పంపుతారట. కేసు కొట్టేస్తారో, నన్ను కూడా అందులోకి లాగుతారో ఇంకా తెలియదు. తెలిసినప్పుడు రాస్తాను.

జోగయ్య కూడా ఆ రోజు వచ్చాడు. కచేరీ మెట్ల కింద నా కోసం నిలబడి ఉన్నాడు. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. అతను చేత్తో ఆపి, "ఆ కాయితంలో ఉన్నది నాకెందుకు, నాకు తెలిసిందే గదా. మాయమ్మకి సదివి ఇనిపించు. జోగి ఎందుకు రాలేదో దానికి తెల్దు" అన్నాడు.

కాగితం కచేరీలో ఉండిపోయిందన్నాను.

"మల్లీ రాయి. ఆదివారం మజ్జాన్నం యేటి కాడికి రా" అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది రాయడానికి. మీ పుస్తకం చెప్పినట్టు పావుగంటతో తెమల్లేదు. కత్తి దగ్గర ఆగింది, సోములు కాళ్ళు పట్టుకున్న చోట ఆగింది. ఆగినప్పుడల్లా లేచి మేకలకి ఆకు వేసి వచ్చి కూర్చున్నాను. మొత్తానికి అయింది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి వెళ్తున్నానని చెప్తే, పాస్టరుగారు వద్దన్నారు. చచ్చినవాళ్ళకి చదివి వినిపించడం వాక్యానికి విరుద్ధం అన్నారు. నిజమే కావచ్చు. మీ అత్త నా గొడుగు తెచ్చి చేతికిచ్చింది.

తాతమ్మని దహనం చేసిన చోటు ఇసక మీద ఆనవాలు కూడా లేదు, వానలకి కొట్టుకుపోయింది. జోగయ్య అటూ ఇటూ చూసి, "ఇక్కడే" అన్నాడు. తను పదడుగుల దూరంలో నిలబడ్డాడు. నేను గొడుగు పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాను. అమ్మా తాతమ్మా, అని మొదలుపెట్టాను.  పనసచెట్టు, మోచెయ్యి, నేను అడగని ప్రశ్న, నేను రాసిన కత్తి, అన్నీ చదివాను. సోములు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ రేపు రమ్మన్నాను అని చదివాను.

"మూడుసార్లు" అన్నాడు జోగయ్య.

నేను కాగితం దించి అతని వైపు చూశాను.

"మూడోసారి నీ ఇంటికొచ్చినాడు. నువ్వు లోపల ఉండి, ఇంట్లో లేవని సెప్పించినావు. ఆడు వాకిట్లోంచి నీ దగ్గు ఇన్నాడు."

ఏసూ, అది నిజం. మీ అత్త చేత చెప్పించాను. ఆవిడ మాటలు మానేసింది అందుకేనని అప్పటికిగాని నాకు వెలగలేదు. మేకల దగ్గర నాలుగు రోజులు, గాంధీ జయంతి నాడు ఒక రోజు, విచారణ అయ్యాక నాలుగు రోజులు, ఎవరూ చూడకుండా నా మీద నేను ఇన్నిసార్లు రాసుకున్నానా, ఆ మూడోసారి ఒక్కసారి కూడా కాగితం మీదకి రాలేదు. దాచాలని దాచలేదు. నాకే గుర్తు లేదు.

జోగయ్య దగ్గరకి రాలేదు, గొంతు పెంచలేదు. "రాయి" అన్నాడు.

ఇసక మీద కూర్చుని, తొడమీద కాగితం పెట్టుకుని, "రెండు" కొట్టేసి "మూడు" అని రాశాను. దాని పక్కన, మడతలో ఉన్న ఖాళీలో, లోపల ఉండి లేనని చెప్పించిన సంగతి రాశాను. ఐదు పంక్తులు పట్టింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"ఇప్పుడు మొదట్నుంచి సదువు" అన్నాడు.

చదివాను. ఈసారి అతను కూర్చుని విన్నాడు.

నీ మావ
కృపానిధి